ఏడ్చేవాళ్లు సినిమాకి ముందే ఏడవాలి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న ఆఫీసు రైల్లో ఉండగా ఆంటీ కూతురు ఫోన్ చేసింది. కాలిఫోర్నియాలో ఉండే ఆమె, నేను అక్క అనే పిలుస్తాను, అప్పటికి రెండు వారాలుగా ఎడిసన్‌లో తల్లి దగ్గరే ఉంటోంది. "అమ్మ వెళ్లిపోయింది. టీ అడిగింది. నేను కప్పు తెచ్చేసరికి లేదు," అంది. నేను తర్వాతి స్టేషన్‌లో దిగి, అవతలి ప్లాట్‌ఫామ్ మీద వెనక్కి వెళ్లే రైలు కోసం నిలబడ్డాను. ఆ చలిలో నిలబడి నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం.

చర్చి సంఘం వాళ్లు వాట్సాప్‌లో పంపిన కార్డు మీద "ప్రభువునందు నిద్రించారు" అని వేశారు. ఆంటీ చూసి ఉంటే ఊరుకునేవారు కాదు. ఇతరుల కార్డుల్లో ఆ మాట కనబడ్డా, "నలభై ఏళ్లు నర్సుగా నైట్ డ్యూటీలు చేశాను. నిద్రకీ చావుకీ తేడా నాకు చెప్తారా?" అనేవారు. అలాగని విశ్వాసం తక్కువ మనిషి కారు. ప్రతి ఆదివారం తెలుగు చర్చిలో రెండో వరసలో కూర్చునేవారు. ఉన్నమాట ఉన్నట్టు అనాలన్న పంతం ఆవిడది. కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఆంటీ చనిపోయారు. ఎనభై మూడేళ్లు. నిండు వయసే కదా అని నన్ను ఓదార్చిన వాళ్లెవరితోనూ నేను ఒప్పుకోలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. మా ఊరూ కాదు, మా మతమూ కాదు. మాస్టర్స్ చదవడానికి నేను వరంగల్ నుంచి వచ్చినప్పుడు మేడమీద గది అద్దెకిచ్చిన ఇంటావిడ. నాలుగేళ్లు ఆ గదిలో ఉన్నాను. చదువయ్యాక, ఉద్యోగం వచ్చాక కూడా ఖాళీ చేయలేదు. చివరికి నాకు పెళ్లి కుదిరితే, "ఇక ఫో, నా ఇంట్లో ఇద్దరికి చోటు లేదు," అని ఆవిడే పంపించారు. ఆ తర్వాత కూడా శనివారం మధ్యాహ్నాలు అక్కడే గడిచేవి. ఎందుకంటే శనివారం మధ్యాహ్నం ఆంటీ ఇంట్లో సినిమా ఉండేది.

ఆవిడ చూపించే సినిమాలు పాత బ్రిటిష్ కామెడీలు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఆ దేశంలో పదిహేను, ఇరవై ఏళ్లపాటు తీసినవి. సినిమాలూ, టీవీలో వచ్చిన నాటికలూ. దాదాపు అన్నీ నలుపు తెలుపే. రేషను క్యూలు, వానలో తడిసిన టోపీలు, పొడుగు కోట్ల గుమాస్తాలు, ఎవరూ పిలవకుండా వచ్చి తనిఖీ చేసే అధికారులు. ఇండియన్ షాపుల వీధి నుంచి సమోసాలు తెప్పించి, టీ కాచి, సరిగ్గా మూడింటికి మొదలుపెట్టేవారు. పాత అలవాటు కొద్దీ నర్సుల గడియారాన్ని జాకెట్టుకి తలకిందులుగా పిన్ను పెట్టుకుని, సోఫాలో నిటారుగా కూర్చునేవారు. డ్యూటీలో ఉన్నట్టే ఉండేవారు.

నేను వచ్చిన మొదటి శనివారం ఒక మేయరు కథ పెట్టారు. ఊరి మధ్య తన విగ్రహాన్ని తనే ఆవిష్కరించుకుంటాడు. తాడు లాగితే గుడ్డ రాదు. ఇంకాస్త లాగితే తల వస్తుంది. ఆ యాసలో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆంటీ నవ్వారు. వెనకే నేనూ నవ్వాను. ఆవిడ రిమోట్ తీసుకుని బొమ్మని ఆపేశారు.

"ఎందుకు నవ్వావమ్మాయ్?"

"మీరు నవ్విండ్రు కదా ఆంటీ."

"అర్థమైందా?"

"లేదు."

"అయితే నవ్వకు. అర్థం కాకుండా నవ్వడం నౌకరీ. ఆ నౌకరీ నేను చేసొచ్చాను. నువ్వు చెయ్యక్కర్లేదు."

ఆ నౌకరీ సంగతి తర్వాత చెప్పారు. ఆంటీది నర్సాపురం దగ్గర ఒక పల్లె. మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగ్ అయ్యాక, అమెరికా రావడానికి చాలా ముందే, ఇరవై ఒకటో ఏట ఇంగ్లండ్ వెళ్లారు. ఉత్తరాన నూలు మిల్లుల ఊరు, పొగపట్టిన ఇటుకల ఆసుపత్రి. అక్కడి నర్సులందరి మీద పెత్తనం మేట్రన్‌ది. ఆవిడ మొదటి రోజే, "నీ ఇంగ్లీషు పేషెంట్లని కంగారు పెడుతుంది, నోరు తెరవకుండా పని చెయ్యి," అందట. ఆంటీ ఎనిమిది నెలలు నోరు తెరవలేదు. హాస్టల్ హాల్లో ఒక టీవీ ఉండేది. సాయంత్రాలు నర్సులంతా దాని ముందు చేరి కామెడీలు చూసేవాళ్లు. అందరూ నవ్వేవాళ్లు. అందరి తర్వాత, ఒక్క క్షణం ఆలస్యంగా ఆంటీ నవ్వేవారు.

"ఆ ఒక్క క్షణం ఉంది చూశావూ, దాంట్లో ఎంత అవమానం ఉంటుందో చెప్పలేను. మేట్రన్ తిట్టినా అంత బాధ లేదు," అనేవారు.

పక్క గదిలో ఉండే ఐరిష్ నర్సు అది కనిపెట్టింది. మర్నాడు యూనిఫారాలు ఇస్త్రీ చేసుకుంటూ ముందురోజు జోకులు ఒక్కొక్కటే విప్పి చెప్పేది. ఈ మాటకి రెండర్థాలున్నాయి, ఆ యాస గొప్పింటి వాళ్లది, ఈ టోపీ పెట్టుకున్నవాడు అబద్ధం చెప్తున్నాడు, ఇలాగ. ఆంటీ వాటిని మందుల పేర్లు బట్టీ పట్టినట్టు బట్టీ పట్టారు. ఒక సాయంత్రం తెర మీద ఒక బ్యాంకు ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. ఇంకా మాట అనలేదు. ఆంటీకి ఏం రాబోతోందో తెలిసిపోయి, హాలంతా నిశ్శబ్దంగా ఉండగా పకపకా నవ్వేశారు.

"అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఆ తర్వాత వాళ్లు నవ్వారు. ఆ ఒక్క సెకను నేను ఇంగ్లండ్ కంటే ముందున్నాను," అన్నారు ఆంటీ. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా గొంతులో అదే గర్వం. మరుసటి వారం నుంచి వార్డులో నోరు తెరిచారట. మేట్రన్ ఏమీ అనలేకపోయింది.

ఇది మాత్రమే చెప్పి ఊరుకుంటే ఆంటీ ఒప్పుకోరు. ఇంకో సాయంత్రం కూడా ఉంది. అదే హాల్లో, అదే టీవీలో ఒక తెల్లనటుడు మొహానికి నల్లరంగు పూసుకుని, తలపాగా చుట్టుకుని, తల అటూ ఇటూ ఆడిస్తూ ఇండియా వాడిగా వచ్చాడు. హాలు గొల్లుమంది. కొందరు నవ్వుతూనే ఆంటీ వైపు చూశారు, ఆవిడ కూడా నవ్వుతుందేమోనని. ఆంటీ లేచి, కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్లి టీవీ ఆపేశారు. కుర్చీ లాక్కుని దాని ముందే కూర్చుని స్వెట్టరు అల్లుకోవడం మొదలుపెట్టారు. మిగతా నర్సులు ముందు అరిచారు, తర్వాత బతిమాలారు. ఐరిష్ నర్సూ, జమైకా నుంచి వచ్చిన ఇద్దరూ వచ్చి ఆంటీ పక్కన కింద కూర్చున్నారు. ఆ కార్యక్రమం టైము అయిపోయేదాకా ఎవరూ కదల్లేదట.

"మరి అట్లాంటివి ఎందుకు చూస్తున్నరు ఆంటీ ఇంకా?" అని నేను ఒకసారి అడిగాను. నాకు నిజంగానే అర్థం కాలేదు.

"ముప్పావు వంతు నేను కష్టపడి సంపాదించుకున్న నవ్వు. పావు వంతు వాళ్ల సిగ్గు. వాళ్ల సిగ్గు కోసం నా నవ్వు నేనెందుకు పారేసుకుంటాను?"

అలమారాలో ఆవిడ డీవీడీలు వంద దాకా ఉండేవి. ప్రతి పెట్టె మీదా తెల్ల చీటీ అంటించి, తెలుగులో తన తీర్పు రాసుకున్నారు. "బావుంది. వానాకాలం చూడాలి." "హీరో దండగ. పనిమనిషి వేషం వేసినామె కోసం చూడాలి." ఒకదాని మీద ఇలా ఉండేది: "నలభయ్యో నిమిషం దాకా బంగారం. అక్కడ్నుంచి పది నిమిషాలు వెధవతనం. లేచి టీ పెట్టుకోవాలి." మేం నిజంగానే ఆ నలభయ్యో నిమిషంలో లేచి టీ పెట్టుకునేవాళ్లం. సినిమా మాత్రం ఆగేది కాదు. వంటగదిలోకి దాని శబ్దం వినపడుతుంటే ఆంటీ కావాలని గిన్నెలు గట్టిగా మోగించేవారు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఒక మీటింగులో నేను "వాల్యూస్" అన్నాను. మా మేనేజరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వాల్రస్? మన సిస్టమ్‌లో వాల్రస్ ఉందా?" అన్నాడు. దంతాలుండే సముద్రపు జంతువది. టేబుల్ చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత నెల రోజులు నేను మీటింగుల్లో మాట్లాడటం మానేశాను. ఏదైనా చెప్పాలంటే చాట్‌లో టైప్ చేసేదాన్ని. వీసా చేతుల్లో పెట్టుకున్న కంపెనీ మీద ఎవరికి ఫిర్యాదు చేస్తాం?

ఒక శనివారం అది బయటపడింది. ఆంటీ నన్ను ఓదార్చలేదు. టీ కప్పు కింద పెట్టి, "నువ్వు కూడా నవ్వావా?" అని అడిగారు. అవునన్నాను. "అదొక్కటే నీ తప్పు," అన్నారు. తర్వాత మేయరు సినిమా మళ్లీ పెట్టి, మేయరు గొంతు సవరించుకునే చోట ఆపారు.

"వీడి చెయ్యి చూడు. కోటు అంచు పట్టుకున్నాడు. ఎందుకో తెలుసా? భయం. నీ మేనేజరు మాట్లాడేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టుకుంటాడు?"

"పెన్ను టిక్కుటిక్కు అనిపిస్తడు."

"అంతే. వాడిదీ అదే జబ్బు. కుర్చీ ఎక్కినవాడు జారితే నవ్వాలి, నేల మీదున్నవాడు జారితే లేపాలి. ఈ సినిమాలన్నిట్లో ఉన్నది ఇంతే. నీ ఆఫీసులో తిరగేసి నవ్వుతున్నారు, అంతే తేడా."

తర్వాతి మీటింగులో నేను నోటితోనే చెప్పాను. అతను మళ్లీ చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. నేను నవ్వలేదు. అదే మాట, అదే యాసలో, ఇంకాస్త నెమ్మదిగా అన్నాను. మళ్లీ ఏమిటన్నాడు. మూడోసారి అని, అతని పెన్ను వైపు చూస్తూ కూర్చున్నాను. పెన్ను టిక్కుటిక్కుమంటూనే ఉంది. చివరికి పక్కనున్న అమెరికన్ కుర్రాడు ఇబ్బందిగా కదిలి, "తను వాల్యూస్ అంది. నాకు మొదటిసారే వినబడింది," అన్నాడు. మా మేనేజరేమీ మారిపోలేదు. మారాల్సిన అవసరం నాకూ పోయింది.

పోయిన ఎండాకాలంలో ఆంటీ వంటింట్లో పడిపోయారు. గుండె బలహీనపడిందని ఆసుపత్రిలో తేల్చారు. ఒక చిన్న డాక్టరు గదిలోకి వచ్చి మంచం మీదున్న మనిషిని దాటి నావైపు చూస్తూ, "ఆవిడకి ఇంగ్లీషు వస్తుందా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఆంటీ పాత లండన్ రేడియోలో వార్తలు చదివేవాళ్ల ఇంగ్లీషు తీశారు. అరవై ఏళ్ల నాటి టీవీ ముందు కూర్చుని నేర్చుకున్నది. "డాక్టరు గారూ, నాకు వస్తుంది. మీరు చొక్కా తిరగేసి తొడుక్కున్నారని చెప్పడానికి సరిపడా వస్తుంది," అన్నారు. అతను కిందకి చూసుకున్నాడు. కుట్లన్నీ బయటికే ఉన్నాయి. పాపం ఎన్ని గంటల నుంచి డ్యూటీలో ఉన్నాడో. ఆంటీకీ అదే అనిపించినట్టుంది, వెంటనే, "కూర్చో నాయనా, కూర్చుని చెప్పు," అని తెలుగులో అన్నారు. అతను అర్థమైనట్టే కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఏ సంగతైనా ఆవిడకే చెప్పేవాడు.

అక్క తల్లిని తనుండే ఫ్రీమాంట్ తీసుకెళ్తానంది. ఆంటీ వెళ్లనన్నారు. ఆసుపత్రిలోనూ ఉండనన్నారు. ఇంటికొచ్చి, సోఫా పక్కనే మంచం వేయించుకుని, ఆరు నెలలు అనుకున్నదాన్ని ఎనిమిది నెలలు లాగారు. శనివారాలు ఆగలేదు. నవ్వితే ఆయాసం వచ్చేది. ఆక్సిజన్ గొట్టం సర్దుకుని మళ్లీ నవ్వేవారు. "నవ్వొద్దన్నారు కదా ఆంటీ," అంటే, "వద్దన్నవాళ్లు ఈ సినిమా చూళ్లేదు," అనేవారు.

ఆవిడ పోయిన మూడో రోజు అక్కా నేనూ మంచం పక్క సొరుగులో ఒక కాగితం చూశాం. పోయినవాళ్ల కోసం చర్చిలో జరిపే ప్రార్థన తనకి ఎలా జరగాలో రాసి పెట్టారు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. "ఆదరణ కూడికలో పాటలు రెండు. వాక్య ప్రసంగం ఒకటి, ఇరవై నిమిషాలు దాటకూడదు. భోజనం. తర్వాత మున్సిపల్ ఆఫీసరు సినిమా, చర్చి హాల్లో, పెద్ద తెర మీద. ఏడ్చేవాళ్లు సినిమాకి ముందే ఏడవాలి." కింద ఇంకో ముక్క. "సంఘపెద్ద గారు ఒప్పుకోరు. ఒప్పించొద్దు. ప్లగ్గు పెట్టెయ్యండి."

సంఘపెద్ద అంకుల్ ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆంటీకి ఒంట్లో బాలేనప్పుడు ఆ ఇంటి ముందు మంచు ఎత్తిపోసింది ఆయనే. కానీ చర్చి ఆఫీసు గదిలో ఆ కాగితం చదివి పక్కన పెట్టేశారు. "చనిపోయిన మనిషి పేరు మీద కామెడీ సినిమా ఏంటమ్మా? బయటివాళ్లు కూడా వస్తారు. వాళ్ల ముందు మన విశ్వాసానికి సాక్ష్యం ఏమైపోతుంది?"

అక్క తడబడింది. ఆ తెలుగు ఆమెకి అంత తొందరగా రాదు. "అంకుల్, ఇట్ వాజ్ హర్ విష్. అమ్మ అడిగింది కదా," అంది.

"జబ్బు మనిషి ఏదో రాసింది. పెద్దవాళ్లం మనం ఆలోచించాలి."

నేను ఆ సంఘం మనిషిని కాను. నాకక్కడ మాట్లాడే హక్కు లేదని తెలుసు. అయినా లేచి నిలబడ్డాను. "అంకుల్, ఆమె జబ్బుతోని రాయలేదు. నలభై ఏండ్లు పేషెంట్ల చార్టులు రాసిన చెయ్యి అది, ఒక్క అక్షరం వంకర పోలేదు, మీరే చూడుండ్రి. ఇరవై ఒక్క ఏండ్లకే ఒకామె నోరు తెరవద్దన్నది. ఎనభై మూడేండ్లకు మనం అందామా ఆ మాట?"

అంకుల్ నావైపు చూడలేదు. పక్క కుర్చీలో ఉన్న పాస్టరు గారు కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు. "వాక్యం ఇరవై నిమిషాలే అన్నారు. నా గురించి బాగానే తెలుసావిడకి," అని చిన్నగా నవ్వారు. జేబులోంచి హాలు తాళాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "ప్రార్థన అయిపోయాక ఇవి ఎవరి దగ్గరున్నాయో నేను అడగను."

కూడిక శనివారం మధ్యాహ్నం జరిగింది. పాటలు రెండే పాడారు. పాస్టరు గారు పద్దెనిమిది నిమిషాల్లో ముగించారు. చాలామంది ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కోడికూర, పప్పు, పెరుగు అన్నం అయ్యాక అక్క ప్రొజెక్టర్ ప్లగ్గు పెట్టింది. సంఘపెద్ద అంకుల్ ప్లేటు చెత్తబుట్టలో వేసి, కోటు తొడుక్కుని, "నేను కార్లో ఉంటాను," అని వాళ్లావిడతో చెప్పి బయటికి వెళ్లిపోయారు.

సినిమా మొదలైంది. ఊళ్లో బీదవాళ్ల స్నానశాల ఒకటి ఉంటుంది. దాన్ని మూయించడానికి మున్సిపల్ ఆఫీసరు వస్తాడు. కొలతలు తీసుకుంటూ నీళ్ల తొట్టిలో పడతాడు. అక్కడ పనిచేసే ఆడవాళ్లు ఆయన బట్టలు ఆరేస్తామని పట్టుకెళ్లి తిరిగివ్వరు. చిన్న తువ్వాలు కట్టుకుని ఆయన ఆర్డర్లు వేస్తూ ఉంటాడు. చూడటానికి ఎంత బాగుంటుందో, వినడానికి అంత కష్టం. పది నిమిషాలు గడిచాయి. హాల్లో ఎనభై మంది ఉన్నారు, ఒక్కరూ నవ్వలేదు. పెద్దవాళ్లకి ఆ యాస అందడం లేదు. పిల్లలు ఫోన్లు తీశారు. మూడో వరసలో ఒకాయన మర్యాదకి చిన్నగా నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా. అది విని నేను తట్టుకోలేకపోయాను.

వెళ్లి తెర పక్కన నిలబడ్డాను. ఆ చర్చికి ఇంగ్లీషు ప్రసంగీకులు వచ్చినప్పుడు, పక్కన ఒకరు నిలబడి వాక్యం వాక్యం తెలుగులో చెప్తారు. నేను రిమోట్ పట్టుకుని అలాగే మొదలుపెట్టాను. తువ్వాలు బిగించుకుంటూ ఆఫీసరు ఒక పెద్ద మాట అన్నాడు. ఆపాను.

"నాకు పైనుంచి పూర్తి అధికారం ఉన్నది అంటున్నడు."

తువ్వాలు జారింది. ఆఫీసరు పట్టుకున్నాడు. స్నానశాల పనిమనిషి ఏదో అంది. ఆపాను.

"పైనుంచి ఉంటే ఉండనీ సారూ, కిందిది గట్టిగ పట్టుకోండి అంటున్నది."

కోస్తా వాళ్ల చర్చిలో నా వరంగల్ తెలుగు వినపడుతోంది. ముందు ఒక ముసలాయన దగ్గాడో, నవ్వాడో తెలియలేదు. తర్వాత వంటల దగ్గరున్న ఆడవాళ్లు నవ్వారు. ఆ తర్వాత నేను ఆపుతుంటే "ఆపకమ్మా, అర్థమవుతోంది," అని ఎవరో అన్నారు. పాస్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అక్క కుర్చీలో ముందుకి వంగి, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, చిన్నపిల్లలా నవ్వుతోంది. తల్లి పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

మొదటి వరసలో సంఘపెద్ద గారి భార్య కూర్చుని ఉన్నారు. ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, మెడ చుట్టూ స్కార్ఫు, ఏ క్షణాన్నైనా లేచి వెళ్లడానికి సిద్ధంగా. ఫోను మోగింది. చూసుకుని బ్యాగులో పడేశారు. మళ్లీ మోగింది. బ్యాగు జిప్పు వేసి కుర్చీ కింద పెట్టారు. "అమ్మాయ్, ఆ పనిమనిషి ఇందాక ఏమందో మళ్లీ చెప్పవా, నాకు సగమే వినబడింది," అని అడిగారు. నేను బొమ్మని వెనక్కి తిప్పాను.

కిటికీ అవతల మంచు పడుతోంది. పార్కింగ్‌లో ఒక్క కారు మాత్రం ఇంజను ఆపకుండా ఉంది. దాని వైపర్లు అటూ ఇటూ తిరుగుతూ అద్దం తుడుస్తూనే ఉన్నాయి.